పసిచేతుల రంగుల మూల: డేకేర్ ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టాం

మా డేకేర్‌లో ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలుండే గదిలో ఒక మూలను పూర్తిగా రంగులకీ గీతలకీ వదిలేయాలనుకున్నాం. రంగులు ఇంతకు ముందు లేవని కాదు. అవి పిల్లల చేతుల్లో కంటే మా చేతుల్లోనే ఎక్కువసేపు ఉండేవి. టీచర్ బాతు బొమ్మ కత్తిరించేది, జిగురు రాసేది, పాప వేలు పట్టుకుని కన్ను అంటించేది. సాయంత్రానికి అందరి ఇళ్లకీ ఒకేలాంటి బాతు వెళ్లేది. చూడటానికి ముచ్చటగానే ఉండేది. అందులో పాప చేసిందేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

రంగులు తీసిన ప్రతిసారీ గదిలో ఎక్కువగా వినిపించే మాట "వద్దు". నోట్లో పెట్టుకోవద్దు, కళ్లు నలుపుకోవద్దు, మూత ముట్టుకోవద్దు. ఈ వయసులో చేతికి అందినదల్లా నోటికే వెళ్తుంది. వస్తువు గట్టిదో మెత్తదో, నున్నదో గరుకో తెలుసుకోవడానికి పిల్లలకు నాలుకా పెదాలూ కూడా వేళ్లంత అవసరం. దాన్ని ఆపాలని చూస్తే రోజంతా ఆపుతూనే ఉండాలి. అందుకే మార్చాల్సింది బల్ల మీద పెట్టే సామాను అనుకున్నాం. షరతు ఒక్కటే పెట్టుకున్నాం: బల్ల మీదికి వచ్చేది ఏదైనా, పొరపాటున కాస్త నోట్లోకి పోయినా, బుగ్గలకు పూసుకున్నా, హాని చేయనిదై ఉండాలి. అంత నమ్మకం కుదరని వస్తువు ఎంత అందంగా ఉన్నా ఈ గదిలోకి రాదు.

అలమర ఖాళీ చేయడం

ముందు పాత సామానంతా నేల మీద పరిచి ఒక్కొక్కటీ చూశాం. పిల్లలు లేని సమయంలో చేయాల్సిన పని ఇది.

మూడేళ్ల లోపు పిల్లల ఆటవస్తువుల్లో చిన్న ముక్కలను పరీక్షించడానికి ఒక గొట్టం ఉంటుంది. వెడల్పు సుమారు 3.2 సెంటీమీటర్లు, లోతు ఒక పక్క 2.5, ఇంకో పక్క 5.7 సెంటీమీటర్లు. పసిపిల్లల గొంతు కొలతను దృష్టిలో పెట్టుకుని చేసినది. నొక్కకుండా ఉంచినప్పుడు ఏ వస్తువైనా పూర్తిగా అందులో మునిగిపోతే అది గొంతుకు అడ్డుపడగలదని లెక్క. గొట్టం దొరకనివాళ్లు టాయిలెట్ పేపర్ చుట్టిన అట్ట గొట్టం వాడొచ్చు. అది ఇంకొంచెం వెడల్పు కాబట్టి మరికొన్ని వస్తువులను పక్కన పెట్టిస్తుంది, అది మంచిదే. మేము దాన్నే అలమర తలుపుకు దారంతో కాకుండా టేపుతో అంటించి ఉంచాం. కొత్త సామాను ఏది వచ్చినా ముందు అందులో పెట్టి చూడాలి, పట్టేస్తే గదిలోకి రాదు.

పోయినవి: పూసలు, చెమ్కీలు, గుండీలు, అటూఇటూ కదిలే ప్లాస్టిక్ కళ్లు, ఊలు బంతులు, థర్మోకోల్ గుళ్లు, గుండుసూదులు, స్టేప్లర్. ఇవన్నీ ఊహించినవే. కొన్ని మాత్రం చర్చ లేకుండా పోలేదు.

ఎండు చిక్కుడు గింజలు, రాజ్మా లాంటివి "తినేవే కదా" అని ఉంచేశారు ఎవరో. గొంతుకు అడ్డం పడటం ఒక్కటే కాదు, ముక్కులో దూర్చుకుంటారు, అక్కడి తడికి గింజ ఉబ్బి ఇరుక్కుపోతుంది. పైగా పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం కొద్ది గింజలకే వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీల సంగతి ఇంకా భయంకరం. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత కనిపించేవి, మింగితే పేగులో నీరు పీల్చుకుని పెరిగి దారి మూసేస్తాయి. ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించవు. వాటిని పై అరకు మార్చడం సరిపోదు, భవనంలోనే ఉండకూడదని తేల్చాం.

మిణుకుమిణుకుమనే చిన్న ప్లాస్టిక్ దీపాలు నీడలాటకు బాగుంటాయని దాచిపెట్టారు. అడుగున విప్పి చూస్తే బిళ్ల బ్యాటరీ. మింగితే అది అన్నవాహికలో రెండు గంటల్లోనే కాలిన పుండు చేయగలదు. దీపాలూ పోయాయి, ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతాలూ పోయాయి. బెలూన్లతో రంగులు అద్దడం చాలా చోట్ల చేయిస్తారు, మేము పెట్టుకోలేదు. పగిలిన రబ్బరు ముక్క గొంతు మీద పొరలా అతుక్కుంటే తీయడం చాలా కష్టం.

మెరుపుల పొడి విషయంలో నాకు మొదటి నుంచీ గట్టి అభిప్రాయమే ఉంది. ఆ రేణువులు వేళ్ల మీద నుంచి కంటిలోకి పోతాయి. నలిపితే కంటి పైపొర గీసుకుపోతుంది. పిల్లవాడు కళ్లు నలపకుండా ఉండే గంట అంటూ ఏదీ లేదు. ఆ పొడి గదిలో లేకపోతే ఏమీ నష్టం లేదు.

మార్కర్ల మూతలు చూస్తుంటే ఆయమ్మ అడిగింది, "టీచర్, మూత చివర ఈ చిల్లులెందుకు?" అని. మూత గొంతులో ఇరుక్కున్నా కొంచెం గాలి ఆడాలని పెట్టే చిల్లులవి. దానికి ఐఎస్ఓ 11540 అని ఒక ప్రమాణమే ఉంది. చిల్లులేని మూతలన్నీ ఏరి పారేశాం. చిల్లున్నవి కూడా మేమే తీసి, మూతలు మా దగ్గర పెట్టుకుని మార్కర్ మాత్రమే పిల్లల చేతికి ఇస్తాం.

డబ్బా మీద ఏం రాసి ఉంది

"నాన్ టాక్సిక్" అని పెద్ద అక్షరాలు చూసి సరిపెట్టుకోకూడదు. ఏఎస్‌టీఎమ్ డీ 4236 అనే అమెరికా ప్రమాణం నంబర్ రాసి ఉంటే, ఆ సామానులో దీర్ఘకాలం వాడితే హాని చేసే పదార్థాలున్నాయేమో నిపుణులు పరిశీలించారని, ఉంటే ఆ హెచ్చరిక డబ్బా మీద వేయాలని అర్థం. అంటే ఆ నంబర్ ఉన్నంత మాత్రాన పిల్లలకు మంచిదని కాదు, కింద హెచ్చరిక వాక్యం ఏమైనా ఉందేమో చదవాలి. ఏపీ (అప్రూవ్డ్ ప్రోడక్ట్) అనే ముద్ర ఉంటే పెద్దలకూ పిల్లలకూ విషపూరితం కాదని పరిశీలించినట్టు. యూరప్ ప్రమాణంలో ఈఎన్ 71 మూడో భాగం సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఎంతవరకు బయటికి రావచ్చో చెబుతుంది. ఏడో భాగం ప్రత్యేకంగా వేళ్లతో పూసే రంగుల కోసమే. ఆ ప్రమాణం ప్రకారం వేళ్ల రంగుల్లో చేదు పదార్థం కలపాలి, నాలుకకు తగలగానే ఉమ్మేయాలని. మా గదిలో ఒక బాబు ఆ చేదు రుచి చూసి మొహం అష్టవంకరలు పెట్టాడు. తర్వాత అదే రంగును రెండు చేతులతో బల్లంతా పూశాడు, నోటి దగ్గరికి మాత్రం తీసుకెళ్లలేదు.

సున్నా నుంచి మూడు అని రాసి, ఒక పసిమొహం మీద గీత కొట్టిన గుర్తు ఉంటే అది మూడేళ్ల లోపు వాళ్లకు ఇవ్వకూడనిది. "పర్వాలేదు, మేము చూస్తుంటాం కదా" అని దాన్ని దాటేసే అలవాటు ఎక్కడైనా ఉంటుంది, ముందు దాన్ని మాన్పించాలి.

పొడి రంగులు పెట్టుకోలేదు. కలిపేటప్పుడు లేచే దుమ్ము పసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎండిన బంకమట్టి పొడికీ అదే కారణం, అందులో సిలికా ఉంటుంది. ఆయిల్ పెయింట్, ఘాటు వాసన మార్కర్లు, సూపర్ గ్లూ, వేడి జిగురు గన్ను ఆఫీసు గదిలో తాళం వేసిన చోట. షేవింగ్ క్రీమ్ నురుగుతో ఆడించడం చూశాను, బాగానే కనిపిస్తుంది, కానీ అది కంటికీ కడుపుకీ పనికొచ్చే వస్తువు కాదు. బోరాక్స్ కలిపే స్లైమ్‌ కూడా ఇంతే.

ఇంకో నియమం: రంగును అసలు డబ్బాలోంచి వేరే సీసాలోకి మార్చం. ఎవరికైనా పడకపోతే డాక్టరుకు చూపించాల్సింది ఆ లేబులే. ట్రేలో మిగిలిన రంగును తిరిగి డబ్బాలో పోయం, చేతులు పెట్టిన రంగులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే ముందే ఒక చెంచాడు పోస్తాం, కావాలంటే మళ్లీ.

మొదటి గీతలు

మొదట క్రేయాన్లు పెట్టాం. లావుగా, పొట్టిగా ఉన్నవి. పొడుగు క్రేయాన్ చుట్టూ పసి పిడికిలి మొత్తం బిగుసుకుంటుంది. పొట్టిదాన్ని వేళ్ల చివర్లతోనే పట్టుకోవాల్సి వస్తుంది. అయితే ముక్కలు చేసి ఇవ్వకూడదు, గొట్టంలో పట్టేంత చిన్నవైపోతాయి. గుడ్డు ఆకారంలో, అరచేతిలో నిండుగా పట్టేవి ఏడాది దాటినవాళ్లకు బాగా కుదిరాయి. చుట్టిన కాగితం ముందే ఊడదీసి ఇస్తున్నాం, లేకపోతే గీయడం మానేసి దాన్నే పీకి నములుతారు.

బల్ల కొలతకు సరిపోయే ఒకే పెద్ద కాగితం పరిచి నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అంటించాం. చిన్న కాగితం ఇస్తే గీసిన ప్రతిసారీ అది చేతితో పాటు జరిగిపోతుంది, రెండో చేత్తో నొక్కిపట్టడం ఈ వయసుకు ఇంకా రాదు. పైగా వీళ్లు గీసేది వేళ్లతో కాదు, భుజంతో. మొదట భుజం కదులుతుంది, తర్వాత మోచేయి, ఆ తర్వాతెప్పుడో మణికట్టు, ఆఖరున వేళ్లు. అంత పెద్ద కదలికకు చోటు కావాలి.

పదిహేను నెలల పాప ఒకతి క్రేయాన్‌ను ముందు బల్లకేసి కొట్టింది. ఠక్కుమంది. మళ్లీ కొట్టింది. మూడోసారి జారి కాగితం మీద ఎర్రగీత పడింది. పాప కొట్టడం ఆపేసింది. క్రేయాన్ మొన వైపు చూసింది, తిప్పి వెనకవైపు చూసింది, కాగితం మీది గీతను వేలితో రుద్దింది. వేలికి అంటిందేమోనని వేలు చూసుకుంది. తర్వాత క్రేయాన్‌ను తలకిందులుగా పెట్టి గీసింది. అటువైపు నుంచీ గీత వచ్చింది. ఒక్క కేక పెట్టింది. పక్కన కూర్చున్న నేను ఆ మధ్యలో ఒక్క మాట మాట్లాడినా ఆ పరిశోధన ఆగిపోయేది.

పిల్లల గీతలను జీవితమంతా సేకరించిన రోడా కెలాగ్ ఈ పిచ్చిగీతల్లో 20 మూల రూపాలను గుర్తించింది. చుక్క, నిలువుగీత, అడ్డగీత, వంపుగీత, చుట్టలు చుట్టుకునే గీత, ఇలా. ఆ మాట తెలిశాక మా కాగితాలను చూసే తీరు మారింది. రెండేళ్లకు కాస్త అటూఇటూగా నిలువుగీత చూసి గీయడం, మూడేళ్ల దగ్గరకి గుండ్రం మూయడం మామూలుగా జరిగేవి. మేము వాటిని నేర్పడం లేదు. ఎవరు ఎక్కడున్నారో గమనించి, దానికి తగిన సామాను పెడుతున్నాం.

"ఇదేంటి నాన్నా?" అని అడగడం మానుకోవడం మాకందరికీ కష్టమైంది. రెండేళ్ల లోపు గీతకు పేరుండదు. అడిగితే పిల్లలు మన మొహం చూసి ఏదో ఒకటి చెబుతారు, లేదా క్రేయాన్ కింద పెట్టేస్తారు. దాని బదులు కనిపించింది చెబుతున్నాం: "ఇక్కణ్నుంచి అక్కడిదాకా వెళ్లింది గీత", "పసుపు మీద నీలం పడింది చూడు". పెద్దపిల్లలు తమంతట తాము "ఇది బస్సు" అంటే, బస్సే.

నీళ్లు, గోడ

గోడకు తక్కువ ఎత్తులో ఒక నల్లబోర్డు బిగించి, లావు బ్రష్షులు, అడుగున కాసిని నీళ్లున్న బరువైన గిన్నెలు ఇచ్చాం. తడి పెట్టిన చోట బోర్డు నల్లగా మెరుస్తుంది, చూస్తుండగానే ఆరిపోతుంది. రంగు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, మిగిలేది ఏమీ లేదు. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువసేపు నిలిచిన పని ఇదే. గీసింది మాయమైపోతే ఏడుస్తారేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఎవరూ ఏడవలేదు, మళ్లీ గీసే చోటు దొరికిందని సంబరపడ్డారు. నిలువుగా ఉన్న తలం మీద గీసేటప్పుడు మణికట్టు పైకి వంగి ఉంటుంది, భుజం బలపడుతుంది. తర్వాత పెన్సిల్ పట్టుకోవడానికి అది మంచి సిద్ధపాటు.

నీళ్ల విషయంలో రాజీ లేదు. కొద్ది సెంటీమీటర్ల నీటిలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు, అదీ చప్పుడు లేకుండా. గిన్నెల్లో రెండు వేళ్ల లోతుకు మించి నీళ్లు ఉండవు. నింపే బకెట్ గదిలోకి రాదు. పని అయిన వెంటనే, చేతులు తుడవడానికి ముందే గిన్నెలు వంచేస్తాం. కింద తడికి జారకుండా పాత టవల్ పరుస్తాం.

సంచిలో రంగు, చేతులకు అంటని రంగు

అందరికీ రంగులో చేయి పెట్టాలని ఉండదు. మా గదిలో ఒక బాబు రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు విడదీసి, "తుడువు, తుడువు" అంటాడు. వేలికి చుక్క రంగు తగిలితే చాలు. అలాంటి పిల్లల చేయి పట్టుకుని రంగులో ముంచడం చాలామంది పెద్దలు సరదాగా చేసే పని. అది చేయకండి. చర్మం మీద జిగట వాళ్లకు నిజంగానే ఇబ్బంది, బలవంతం చేస్తే ఆ ఇబ్బందికి భయం కూడా తోడవుతుంది.

ఆ బాబు కోసం మందపాటి జిప్ సంచిలో రెండు రంగుల చుక్కలు వేసి, గాలి తీసేసి, మూసి, నాలుగు వైపులా వెడల్పు టేపుతో బల్లకు అంటించాం. జిప్ ఉన్న వైపు రెండు వరసల టేపు. వేలితో నొక్కితే రంగు పక్కకు జరుగుతుంది, దారి పడుతుంది, ఎరుపూ పసుపూ కలిసే చోట నారింజ వస్తుంది. చేయి శుభ్రంగానే ఉంటుంది. ప్లాస్టిక్ సంచి కాబట్టి బల్లకు అతికించే ఉండాలి, విడిగా పిల్లల చేతికి ఇవ్వకూడదు. పని కాగానే మేమే ఒలిచి తీసేస్తాం, మొహానికి చుట్టుకునే అవకాశమే ఉండకూడదు. ఎవరైనా కొరకడం మొదలుపెడితే ఆ రోజుకు అంతే.

కొన్నాళ్లు సంచి, తర్వాత పొడవు పిడి ఉన్న స్పాంజి, తర్వాత బ్రష్షు. పక్కనే తడిగుడ్డ ఎప్పుడూ ఉంటుంది, అడగకుండానే తీసుకుని తుడుచుకోవచ్చు. గుడ్డ తన అందుబాటులో ఉందన్న ధైర్యంతోనే అనుకుంటా, ఈమధ్య ఒక వేలి కొస రంగులో పెట్టాడు. తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టాడు. మేము చప్పట్లు కొట్టలేదు, వాడి పని వాడు చేసుకుంటున్నాడు.

రంగుల ఎంపిక గురించి చిన్నమాట. ఒకసారికి రెండే, అదీ కలిస్తే ముచ్చటైన మూడో రంగు వచ్చేవి: పసుపు-నీలం, ఎరుపు-పసుపు. మూడూ ఒకేసారి ఇస్తే అన్నీ కలిసి మట్టిరంగవుతుంది. పిల్లలకు అది తప్పేమీ కాదు, కానీ రంగు మారడాన్ని కళ్లారా చూసే అవకాశం పోతుంది.

పిండి ముద్ద

దీని మీద ఎక్కువ సమయం పెట్టాం, ఎందుకంటే "ఇంట్లో చేసిందే, ఏమీ కాదు" అనే మాట ఇక్కడే ఎక్కువ వినిపిస్తుంది.

మొదటి సంగతి, పచ్చిపిండి సురక్షితం కాదు. గోధుమపిండిలోనూ మైదాలోనూ సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు. పిండి అనేది ఉడికించి తినడానికి తయారుచేసిన వస్తువు. అందుకని మా ముద్ద పొయ్యి మీద ఉడికించినదే. రెండో సంగతి ఉప్పు. మామూలుగా చెప్పే కొలతలో పిండికి సగం ఉప్పు వేస్తారు, నెలలపాటు పాడవకుండా ఉండటానికి. అంత ఉప్పున్న ముద్దను పసివాడు గుప్పెడు మింగితే ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు. వాంతులతో మొదలై ఫిట్స్ దాకా వెళ్లగల విషయం అది. చిన్న పుండ్లు, తామర ఉన్న చేతులకు మంట కూడా.

మా కొలత ఇది. ఒక కప్పు మైదా, ఒక కప్పు నీళ్లు, రెండు చెంచాల నూనె, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ఉండలు లేకుండా కలిపి సన్నని మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. ముందు గంజిలా ఉండి, ఒక్కసారిగా గిన్నె అంచులు వదిలి గరిటె చుట్టూ చేరుతుంది. అప్పుడు కూడా మధ్యలో పచ్చిగా ఉండొచ్చు, ఇంకాసేపు తిప్పాలి. దించి, చల్లారాక మెత్తగా పిసికి, లోపల వేడి లేదని వేలు గుచ్చి చూశాకే గదిలోకి. ఉప్పు తక్కువ కాబట్టి నిలవ ఉండదు. మేము ఏ రోజుది ఆ రోజే పారేస్తాం. ఎక్కువ పని అనిపించొచ్చు, కానీ అన్ని నోళ్లు, అన్ని చేతులు తగిలిన ముద్దను దాచిపెట్టాలని మాకు లేదు.

గోధుమ పడని పిల్లవాడున్నప్పుడు ఒక్కడికే వేరే ముద్ద ఇస్తే పక్కవాడిది లాక్కుంటాడు. అందుకని ఆ రోజు అందరికీ బియ్యప్పిండితోనే. మార్కెట్లో దొరికే రంగు ముద్దల్లో చాలావాటిలో గోధుమ ఉంటుందని తల్లిదండ్రులకు కూడా చెప్పాం.

అచ్చులు, కత్తులు ఏమీ ఇవ్వలేదు. వేళ్లు చాలు. పొడవడం, చిదమడం, చిన్న ముక్క తుంచడం, ఆ ముక్కను మళ్లీ అసలు ముద్దకు అతికించడం. రెండున్నరేళ్ల పాప ముద్దలో బొటనవేలు గుచ్చి తీసి, ఆ గుంటలోకి చాలాసేపు చూసి, "ఇల్లు" అంది. లోపల ఎవరున్నారని మేము అడగలేదు. తనే ఇంకో చిన్న ముక్క తుంచి లోపల పెట్టింది.

చింపడం, అంటించడం

కత్తెర ఈ గదిలో లేదు. కాగితం చింపడానికి రెండు చేతులూ వ్యతిరేక దిశల్లో లాగాలి, అది కత్తెరకు ముందు రావాల్సిన నేర్పు. మొదట్లో చాలామంది కాగితాన్ని రెండు వైపులా పట్టుకుని లాగి, చిరగక, మా చేతిలో పెట్టేవారు. అంచున చిన్న గాటు చింపి తిరిగి ఇస్తే అక్కడి నుంచి వాళ్లే చింపుకుంటున్నారు. చిరిగే చప్పుడు కోసమే సగం సరదా.

అంటించడానికి జిగురు కాగితాన్ని అంటుకునే వైపు పైకి ఉండేలా గోడకు తగిలించాం. చింపిన ముక్క తాకిస్తే చాలు, అంటుకుంటుంది. నచ్చకపోతే పీకి ఇంకోచోట పెట్టొచ్చు. సీసాలో జిగురు అవసరమే రాలేదు. కావాల్సినప్పుడు మైదాతో కాచిన లై వాడాం, చల్లారాక. అచ్చు సిరా ఉన్న పాత పేపర్లు, తడిస్తే రంగు దిగే ముడతల కాగితం తీసేశాం. కోడిగుడ్ల అట్టలు కూడా వద్దనుకున్నాం, గుడ్డు పడని పిల్లలుంటారు, పైగా పెంకు మురికి వాటికి అంటి ఉంటుంది.

ఆకులు, పూలు అంటించడం పిల్లలకు చాలా ఇష్టం. ఏ చెట్టువో తెలిసినవే తెస్తున్నాం. గన్నేరు, ఉమ్మెత్త అందంగా ఉంటాయి, ఆకూ పువ్వూ కాయా అన్నీ విషమే. తెలియని ఆకు ఏదైనా లోపలికి రాదు. తెచ్చినవాటిని కడిగి, ముళ్లూ గింజలూ పురుగులూ లేవని చూసి, అరచేతి కంటే పెద్దవే ఇస్తాం.

రోజూ జరిగే పద్ధతి

ఒక పెద్ద మనిషికి ముగ్గురు, మహా అయితే నలుగురు పిల్లలు. అంతకంటే ఎక్కువైతే చూడటం కాదు, కాపలా కాయడం అవుతుంది. పిల్లలు కూర్చునే గీస్తారు లేదా నిలబడి గీస్తారు, చేతిలో బ్రష్షు పట్టుకుని నడవడం మాత్రం ఉండదు. పడితే పిడి నోట్లోనో కంట్లోనో గుచ్చుకుంటుంది. మెడకు తాడు కట్టే ఏప్రన్లు తీసేసి, పెద్దల పాత చొక్కాలు వెనక్కి తిప్పి తొడుగుతున్నాం. మెడ దగ్గర తాడు ఎక్కడైనా తగులుకుంటే బిగుసుకుంటుంది.

రంగులు తీసే ముందూ, తర్వాతా సబ్బుతో చేతులు. జలుబు, విరేచనాలు ఉన్న పిల్లవాడికి ఆ రోజు విడి ట్రే. బల్లను ముందు సబ్బునీళ్లతో తుడిచి, తర్వాతే క్రిమినాశిని, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడకం. స్పాంజిలు త్వరగా పాడవుతాయి, దాచుకోకుండా మారుస్తున్నాం. చేరేటప్పుడు నింపే ఫారంలో "ఏ పదార్థం పడదు" అన్న ప్రశ్న తిండికి మాత్రమే ఉండేది. ఇప్పుడు చర్మం గురించి కూడా చేర్చి, జాబితాను రంగుల అలమర లోపలివైపు అంటించాం.

ఎంతసేపు అన్నది మేము నిర్ణయించం. కొందరికి రెండు నిమిషాలు చాలు. "అయ్‌పోయింది" అంటే అయిపోయినట్టే. బల్ల దగ్గరికి అసలు రాని పిల్లలు దూరం నుంచి చూస్తుంటారు, చూడటం కూడా వాళ్ల పనే.

ఇంటికి వెళ్లే కాగితాలు

బాతులు ఆగిపోవడంతో తల్లిదండ్రులు కొంచెం నిరాశపడ్డారు. ఒక తండ్రి కాగితం అటూఇటూ తిప్పి, "మేడమ్, ఇది ఎటు పైకి?" అని అడిగారు. ఆయన నిజంగానే అడిగారు, బాబు చేసినదాన్ని సరిగ్గా పెట్టాలని. అప్పటి నుంచి ప్రతి కాగితం వెనక రెండు మూడు వాక్యాలు రాస్తున్నాం. "ఈరోజు మొదటిసారి రెండు చేతులతో గీశాడు. నీలం చాలు అని పక్కకు పెట్టి, పసుపు అడిగాడు. మధ్యలో ఉన్న మచ్చ బ్రష్షును తిప్పి నొక్కితే వచ్చింది." ఈ రాతకు టైము పడుతుంది, అందుకే రోజుకు కొందరివే రాస్తాం, వారంలో అందరికీ అందేలా చూసుకుంటాం. అది చదివాక గీతల్లో తమ పిల్లవాడి చేయి కనిపిస్తోందని ఒక అమ్మ చెప్పింది. ఇంట్లో కూడా పెద్ద కాగితం నేలకు అంటించి ఇస్తున్నామని ఇంకొకరు చెప్పారు. అలా చెప్పినవాళ్లకు సామాను గురించిన ఒక పేజీ ఇస్తున్నాం, ముఖ్యంగా జెల్ గోళీలు, బిళ్ల బ్యాటరీల గురించి, ఎందుకంటే ఇంట్లో అన్నయ్యలూ అక్కయ్యల ఆటసామాను ఉంటుంది.

గదిలో కాగితాలను పిల్లల కంటి ఎత్తులో టేపుతో అంటిస్తాం, పిన్నులూ అయస్కాంతాలూ లేకుండా. కొన్ని పీకేస్తారు. పీకినవి మళ్లీ చింపే బుట్టలోకి.

ఇప్పుడు చేతిలో ఉన్న పని

మంచు రంగులు, అంటే రంగు నీళ్లను గడ్డకట్టించి ఆ గడ్డతో గీయించడం, మొదలుపెట్టబోతున్నాం. చిన్న ఐస్ ముక్కలు గొంతుకు అడ్డుపడతాయి కాబట్టి పెద్ద కప్పులో గడ్డకట్టించి, గుప్పిట్లో పట్టనంత గడ్డగా ఇవ్వాలి. కరుగుతూ చిన్నదయ్యేకొద్దీ చూసుకుని, గొట్టం కొలతకు రాకముందే తీసేయాలి. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే ఇస్తే వేళ్లకూ పెదాలకూ అతుక్కుంటుంది, పైపొర చెమర్చేదాకా ఆగాలి. ఆరుబయట నేల మీద లావు సుద్దలతో గీయించడం ఆ తర్వాత. ఉబ్బసం ఉన్న పాప ఒకతి ఉంది కాబట్టి సుద్దను నీళ్లలో ముంచి ఇద్దామనుకుంటున్నాం, తడిసిన సుద్దకు దుమ్ము లేవదు, రంగు కూడా చిక్కగా పడుతుంది. ముందు మేము పెద్దవాళ్లం గీసి చూస్తాం. తడిసిన సుద్ద ఎంత త్వరగా విరుగుతుందో, విరిగిన ముక్క గొట్టంలో పడుతుందో లేదో తేలాకే పిల్లల చేతికి.